బెంగళూరులో మొబైల్ యాప్ కంపెనీని ఎంచుకోవడం ఎలా: సంతకం పెట్టేముందు చూసుకోవాల్సినవన్నీ

బెంగళూరులో యాప్ చేసిపెట్టే కంపెనీలకు కరువు లేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, కోరమంగళ, వైట్‌ఫీల్డ్, ఎటు వెళ్లినా బోర్డులు కనిపిస్తాయి. బోర్డు లేకుండా ఫ్లాట్లలో నడిచేవి ఇంకా ఉంటాయి. ఇన్నింటిలో ఏది నమ్మదగ్గదో తేల్చుకోవడమే చిన్న వ్యాపారికి కష్టం. చాలామంది ఏం చేస్తారంటే, గూగుల్‌లో వెతికి మూడు కొటేషన్లు తెప్పించుకుని, మరీ ఎక్కువా మరీ తక్కువా కాకుండా మధ్యలో ఉన్నవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేస్తారు. కొన్ని నెలలు గడిచేసరికి యాప్ ప్లే స్టోర్‌లోకి వస్తుంది. తీరా చూస్తే ఆ అకౌంట్ కంపెనీది, సర్వర్ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గరే ఉంది, సోర్స్ కోడ్ (యాప్‌ను నడిపించే అసలు రాత) అడిగితే "దానికి వేరే చార్జ్ అవుతుంది సార్" అంటారు.

ఇదే ఊర్లో, ఇదే రంగంలో ఉంటూ యాప్ చేయించుకునేవాళ్లతోనూ చేసేవాళ్లతోనూ రోజూ మాట్లాడుతుంటాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ధర, డిజైన్, పాత ప్రాజెక్టుల జాబితా అన్నీ తర్వాత. రేపు ఈ కంపెనీతో తెగిపోతే మన చేతిలో ఏం మిగులుతుంది? మొదట అడగాల్సింది ఇదే. దీనికి నీళ్లు నమలకుండా జవాబు చెప్పే కంపెనీని వెతకడమే ఈ వ్యాసమంతా.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మారతహళ్ళిలో ఆంధ్రా కర్రీ పాయింట్ నడిపే ఒకాయన చుట్టుపక్కల పీజీ హాస్టళ్లకు, ఆఫీసులకు నెలవారీ లెక్కన మధ్యాహ్నం క్యారేజీలు పంపుతుంటాడు. ఇప్పుడు అంతా వాట్సాప్ గ్రూపులోనే నడుస్తోంది. ఎవరు వద్దన్నారో, ఎవరు డబ్బు కట్టారో నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. ఆయనకు యాప్ కావాలి.

1. అసలు యాప్ కావాలా?

మన బెంగళూరు కంపెనీయే అయిన మింత్రా 2015 మేలో వెబ్‌సైట్ మూసేసి యాప్ ఒక్కటే ఉంచింది. ఏడాది తిరిగేసరికి, 2016 జూన్‌లో, డెస్క్‌టాప్ వెబ్‌సైట్‌ను మళ్లీ తెరిచింది. అంత పెద్ద సంస్థకే యాప్ ఒక్కదానితో సరిపోలేదు. ఏడాదికోసారి వచ్చే కస్టమర్ మీ కోసం ఫోన్‌లో జాగా ఖాళీ చేయడు. అలాంటి వ్యాపారానికి ఫోన్‌లో చక్కగా కనిపించే వెబ్‌సైట్, దానికి తోడు వాట్సాప్ బిజినెస్ చాలు. ఖర్చు చాలా తగ్గుతుంది.

మన కర్రీ పాయింట్ ఆయన సంగతి వేరు. ఆయన కస్టమర్ దాదాపు రోజూ ఏదో ఒకటి చెప్పాలి: రేపు వద్దు, ఎల్లుండి రెండు పంపండి, అడ్రస్ మారింది. ఇంత తరచుగా తెరిచే పని ఉంటే యాప్‌కు అర్థం ఉంది. మొదటి మీటింగ్‌లోనే "మీకు ఇప్పుడే యాప్ అక్కర్లేదు, ముందు వెబ్‌సైట్‌తో చూద్దాం" అన్న కంపెనీ ఎదురైతే ఆ పేరు రాసిపెట్టుకోండి. చేతికొచ్చిన పనిని వద్దనగలిగినవాళ్లు రేపు మీకు నిజం చెప్తారు.

2. కంపెనీ గడప తొక్కేముందు రెండు పేజీలు రాసుకోండి

ఇంగ్లీష్ అక్కర్లేదు, టెక్నికల్ మాటలు అసలే వద్దు. మీ వ్యాపారం రోజూ ఎలా నడుస్తుందో రాయండి, ఎక్కడ తిరకాసు వస్తుందో రాయండి. కొటేషన్ల మధ్య కనిపించే పెద్ద పెద్ద తేడాల్లో సగం, ఒక్కో కంపెనీ మీ పనిని ఒక్కోలా ఊహించుకోవడం వల్లే వస్తాయి.

"క్యారేజీ ఆపు" అన్న ఒక్క బటన్‌నే తీసుకోండి. రేపటి భోజనం వద్దని ఎన్ని గంటల్లోపు చెప్పాలి? రాత్రి 9 దాటాక చెబితే ఒప్పుకుంటారా? వద్దన్న రోజు డబ్బు వెనక్కి ఇస్తారా, ప్లాన్‌ను ఒకరోజు పొడిగిస్తారా? నెలకు ఎన్నిసార్లు ఆపుకోవచ్చు? సంక్రాంతికి సగం పీజీ ఊళ్లకు వెళ్లిపోతుంది, అందరూ ఒకేసారి పది రోజులు ఆపితే? డెలివరీ కుర్రాడు గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చేసి వెళ్లిపోతే "అందింది" అని ఎవరు నొక్కాలి? ఆపిన సంగతి వంటగదికి తెల్లవారుజామున ఏ రూపంలో తెలియాలి, ఒక అంకెగానా, పేర్లతో సహానా? వీటిలో ప్రతి ప్రశ్నా కొంత కోడ్, కొంత టెస్టింగ్, కొంత డబ్బు. మీరు ముందే తేల్చకపోతే డెవలపర్ తనకు తోచినట్టు తేల్చేస్తాడు. తర్వాత మార్చమంటే అది చేంజ్ రిక్వెస్ట్ అవుతుంది, దానికో బిల్లు వస్తుంది.

ఇంకొకటి కూడా లెక్కపెట్టుకోండి. "ఒక యాప్ కావాలి" అనుకుంటూ వెళ్తారు గానీ ఇక్కడ కావాల్సినవి మూడు: కస్టమర్ యాప్, డెలివరీ కుర్రాడి యాప్, యజమాని కంప్యూటర్‌లో చూసుకునే అడ్మిన్ ప్యానెల్. కొటేషన్‌లో ఏయే ముక్కలున్నాయో చూడకుండా ధరలు పోల్చుకుంటే మోసపోతాం.

రాసినదాంట్లో మొదటి విడతకు తప్పనిసరి అయినవాటి కింద గీత గీయండి. రిఫరల్ కూపన్లు, స్టార్ రేటింగ్‌లు, చాటింగ్ లాంటివి రెండో విడతకు వదిలేయండి.

3. ఎలాంటి కంపెనీ, ఏ టెక్నాలజీ?

ఒంటరి ఫ్రీలాన్సర్, పది నుంచి ముప్పై మంది ఉండే చిన్న కంపెనీ, వందల మంది ఉండే పెద్ద కంపెనీ. ప్రయోగంగా చిన్నది చేసి చూడాలంటే ఫ్రీలాన్సర్ చాలు, కానీ ఆయనకు జ్వరం వస్తే మీ యాప్‌కూ జ్వరమే. పెద్ద కంపెనీలో మీరు వాళ్ల క్లయింట్లలో అందరికన్నా చిన్నవాళ్లవుతారు, మంచి ఇంజినీర్లు మీ పని మీద కూర్చోరు. చిన్న వ్యాపారానికి నా ఓటు మధ్యదానికే. యజమానితో నేరుగా మాట్లాడగలగాలి, ఒకరు మానేసినా పని చూసుకునే ఇంకొకరు ఉండాలి.

"మనవాళ్లే" అన్న మాట గురించి కూడా చెప్పాలి. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు తెలుగువాళ్లు నడిపే కంపెనీలు బాగానే దొరుకుతాయి. మన భాషలో మాట్లాడుకుంటే మనసులో ఉన్నది సరిగ్గా చెప్పగలం, అది నిజమైన లాభం. నష్టం ఎక్కడ వస్తుందంటే, "మనవాడే కదా, కాగితాలెందుకు" అని అగ్రిమెంట్ దగ్గర మొహమాటపడతాం. సొంత బావమరిది కంపెనీ అయినా కింద చెప్పే కాగితాలన్నీ ఉండాల్సిందే. మీటింగ్‌లో "ఏమీ అనుకోకండి అన్నా, ఎవరితోనైనా నేను ఇలాగే రాసుకుంటాను" అని మొదటి రోజే అనేస్తే ఆ మొహమాటం అక్కడితో తీరిపోతుంది.

టెక్నాలజీ గురించి మరీ టెన్షన్ పడొద్దు. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్‌లో, ఐఫోన్‌కు స్విఫ్ట్‌లో వేర్వేరుగా రాయొచ్చు. లేదా గూగుల్ వారి ఫ్లట్టర్, మెటా మొదలుపెట్టిన రియాక్ట్ నేటివ్ వాడి ఒకే కోడ్‌తో రెండింటికీ చేయొచ్చు. క్యారేజీల యాప్ లాంటివాటికి రెండో దారే మేలు, ఖర్చు కలిసొస్తుంది. మన దేశంలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాడేది ఆండ్రాయిడే కాబట్టి ముందు ఆండ్రాయిడ్‌లో విడుదల చేసినా తప్పులేదు. వీటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: వీళ్లు వెళ్లిపోతే ఈ టెక్నాలజీ తెలిసిన ఇంకొకరు బెంగళూరులో దొరుకుతారా? ఈ నాలుగింటికీ దొరుకుతారు. కంపెనీ తన సొంత ఫ్రేమ్‌వర్క్ (యాప్ కట్టడానికి వాడే పునాది కోడ్) అంటే మాత్రం వద్దనండి.

"స్విగ్గీ క్లోన్", "ఉబర్ క్లోన్" అంటూ రెడీమేడ్ నకలు యాప్‌లు అమ్మేవాళ్ల దగ్గరా జాగ్రత్త. అచ్చులో పోసినట్టుండే టెంప్లేట్ యాప్‌ల మీద యాపిల్ నిబంధనలు కఠినంగా ఉంటాయి, వెబ్‌సైట్‌ను యాప్‌లో చుట్టి పంపినా తిప్పికొడతారు.

4. జాబితా వేసుకుని, వడకట్టండి

క్లచ్, గుడ్‌ఫర్మ్స్ లాంటి సైట్లలో కంపెనీల జాబితాలు దొరుకుతాయి. పైన కనిపించేవాటిలో డబ్బు కట్టి ఆ చోటు తెచ్చుకున్నవి ఉంటాయని గుర్తుపెట్టుకుని చూడండి. నాకు నచ్చే పద్ధతి వేరు. మీ స్థాయి వ్యాపారాల యాప్‌లలో బాగున్నవి ఏవో చూసి, ఆ యజమానులనే అడగండి, "ఇది ఎవరు చేశారు, ఇప్పటికీ వాళ్లే చూస్తున్నారా?" అని. ఈ రెండో సగమే అసలు ప్రశ్న.

అయిదారు పేర్లు వచ్చాక ఇంట్లో కూర్చునే కొన్నింటిని తీసేయొచ్చు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు కొడితే ఎప్పుడు పెట్టారో, ఇప్పుడు యాక్టివ్‌గా ఉందో లేదో, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ సంవత్సరానిదో కనిపిస్తుంది. ప్రొప్రైటర్‌షిప్ అయితే అందులో ఉండదు, అప్పుడు జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల నంబర్ కొట్టి చూడండి. కర్ణాటకలో రిజిస్టరైన జీఎస్టీ నంబర్ 29తో మొదలవుతుంది. బెంగళూరు ఆఫీసు అని చెబుతూ బిల్లు మీద వేరే రాష్ట్రం నంబర్ ఉంటే, పని ఎక్కడ జరుగుతుందో అడిగి తెలుసుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పని జరిగితే నష్టమేమీ లేదు, దాచకుండా చెప్పాలి, అంతే.

5. పాత పనిని మీ ఫోన్‌లో పెట్టి చూడండి

కంపెనీలు చూపించే అందమైన పీడీఎఫ్‌ను పక్కన పెట్టండి. వాళ్లు చేశామన్న యాప్‌లలో మూడింటి పేర్లు అడిగి, ప్లే స్టోర్‌లో మీరే వెతికి దించుకోండి. మీ కొత్త ఫోన్‌లో కాకుండా ఇంట్లో మూలనపడ్డ, ర్యామ్ తక్కువున్న పాత ఫోన్‌లో పెట్టి చూడండి. మీ డెలివరీ కుర్రాడి చేతిలో ఉండేది అలాంటిదే.

స్టోర్ పేజీలోనే చాలా తెలుస్తుంది. చివరిగా ఎప్పుడు అప్‌డేట్ చేశారు? ఏడాదికి పైగా ముట్టుకోకపోతే క్లయింట్ వదిలేశాడో కంపెనీ వదిలేసిందో అడగాలి. అయిదు నక్షత్రాల రివ్యూలు వదిలేసి ఒకటి, రెండు నక్షత్రాలవే చదవండి. "ఓటీపీ రావట్లేదు", "డబ్బు కట్ అయింది, ఆర్డర్ పడలేదు" అన్నవి పదే పదే కనిపిస్తే అది కస్టమర్ తొందరపాటు కాదు, కట్టిన పనిలోనే లోపం ఉంది.

యాప్‌లో భాష మార్చే వీలుంటే తెలుగులోకి, కన్నడలోకి మార్చండి. మన లిపులకు ఒత్తులు కింద ఉంటాయి కదా, ఇంగ్లీష్ అక్షరాలకు సరిపోయే ఎత్తులో బటన్ గీస్తే ఆ ఒత్తులు తెగిపోతాయి. "రద్దు" అన్న బటన్ మీద "రదు" అని కనిపిస్తుంది. ఫాంట్ సైజు పెంచుకుని వాడే పెద్దవాళ్ల ఫోన్‌లో ఇంకా ఘోరంగా ఉంటుంది. చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఇది దొర్లిందంటే, ఆ భాషలో ఒక్కసారి కూడా ఎవరూ టెస్ట్ చేయలేదని అర్థం. ఈ ఊర్లో మీ డెలివరీ కుర్రాడు కన్నడం చదవొచ్చు, వంటమనిషి తెలుగు చదవొచ్చు, పీజీ కుర్రాడు హిందీ చదవొచ్చు. వాళ్లందరికీ యాప్ అర్థం కావాలి.

కొంచెం లోతుగా వెళ్లగలిగితే ఇంకో పరీక్ష ఉంది. ప్లే కన్సోల్‌లో, అంటే యాప్ యజమాని ప్లే స్టోర్‌లో తన యాప్‌ను చూసుకునే చోట, ఆండ్రాయిడ్ వైటల్స్ అని ఒక పేజీ ఉంటుంది. వాడేవాళ్లకు కనిపించే క్రాష్‌లు 1.09 శాతం, యాప్ బిగుసుకుపోవడం 0.47 శాతం చేరాయంటే గూగుల్ దాన్ని నాసిరకం యాప్‌గా చూస్తుంది, స్టోర్‌లో తక్కువమందికి కనిపించేలా చేయొచ్చు. క్లయింట్ అనుమతి తీసుకుని వాళ్ల పాత యాప్‌కు సంబంధించిన ఆ పేజీని స్క్రీన్ మీద చూపించమనండి. చూపించలేకపోయినా, ఆ అంకెల గురించి తడుముకోకుండా మాట్లాడగలరో లేదో గమనించండి.

పాత క్లయింట్లు ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడండి. "బాగా చేశారా?" అని అడిగితే "బాగానే చేశారండీ" అంటారు, ఉపయోగం లేదు. ఆదివారం రాత్రి సర్వర్ పడిపోతే ఎవరు ఫోన్ ఎత్తారు? మొదట చెప్పిన ధరకూ చివరికి కట్టినదానికీ ఎంత తేడా వచ్చింది? మొదట్లో పరిచయం చేసిన మనుషులే చివరిదాకా ఉన్నారా? ఇలా అడగండి.

6. పని చేసేవాళ్లతో మాట్లాడండి

మీటింగ్‌కు వచ్చేది సేల్స్ మనిషి. ఆయన మాట తీరు చూసి కంపెనీని లెక్కగట్టొద్దు. సంభాషణ సాధారణంగా ఇలా నడుస్తుంది:

"మా దగ్గర 40 మంది డెవలపర్లు ఉన్నారు సార్."

"నా పని మీద ఎవరు కూర్చుంటారండీ? వాళ్లతో ఒక అరగంట మాట్లాడొచ్చా?"

"ప్రాజెక్ట్ మొదలయ్యాక అలాట్ చేస్తాం సార్."

అక్కడ ఆగండి. పని ఎవరు చేస్తారో తెలియకుండానే ఎన్ని రోజుల్లో అవుతుందో ఎలా చెప్పారు? చాలాసార్లు దాని వెనక రెండే కారణాలుంటాయి: పని బయట ఇంకొకరికి ఇస్తారు, లేదంటే అడ్వాన్స్ వచ్చాక కొత్తవాళ్లను తీసుకుంటారు. బయటికి ఇవ్వడం నేరమేమీ కాదు, మీకు తెలిసి జరగాలి.

లీడ్ డెవలపర్‌తో కూర్చున్నప్పుడు మీ రెండు పేజీలు చేతికిచ్చి చూడండి. మంచి డెవలపర్ మీరు రాయని ప్రశ్న ఒకటైనా అడుగుతాడు. "లిఫ్ట్‌లో, బేస్‌మెంట్‌లో నెట్ ఉండదు కదా, కుర్రాడు అక్కడ 'అందింది' నొక్కితే ఏం చేద్దాం?" అని అడిగాడంటే పని తెలిసినవాడు. అన్నింటికీ "అయిపోతుంది సార్" అంటుంటే మాత్రం అనుమానించాలి.

ఈ ఊర్లో ఇంజినీర్లు ఉద్యోగాలు మారడం మామూలే. కాబట్టి "మా డెవలపర్లు ఎక్కడికీ పోరు" అన్న హామీ నమ్మొద్దు. పోయినప్పుడు ఏం చేస్తారో అడగండి. ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చదివి ఒప్పుకునే పద్ధతి ఉందా? కోడ్ ఎలా పనిచేస్తుందో ఎక్కడైనా రాసిపెడతారా?

7. కొటేషన్‌లో రాయనిది చదవండి

మొత్తం ఎంతో ఒక్క అంకెలో రాసి పంపిన కొటేషన్‌ను తిప్పి పంపండి. ఏ స్క్రీన్‌కు ఎన్ని రోజులు, ఎవరెవరు, డిజైన్‌కు ఎంత, టెస్టింగ్‌కు ఎంత అని విడివిడిగా ఉండాలి. టెస్టింగ్‌కు రోజులే లేవంటే ఆ టెస్టింగ్ మీ కస్టమర్లే చేస్తారు.

తర్వాత, కొటేషన్‌లో లేకుండా మీ జేబు నుంచి పోయే ఖర్చులు. సాఫ్ట్‌వేర్ సేవల మీద జీఎస్టీ 18 శాతం. గూగుల్ ప్లే డెవలపర్ అకౌంట్‌కు ఒకసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99 డాలర్లు. ఆపైన నెలనెలా సర్వర్ అద్దె, మ్యాప్స్ వాడకం, ఓటీపీ ఎస్ఎంఎస్‌లు. పేమెంట్ గేట్‌వే సంగతి కూడా అడగండి: కార్డులకు కమిషన్ ఎంత, యూపీఐకి సర్వీస్ చార్జ్ ఏమైనా ఉందా?

ఓటీపీ దగ్గర చాలామంది చిక్కుకుపోతారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద వ్యాపార ఎస్ఎంఎస్ పంపాలంటే హెడర్‌ను (ఎస్ఎంఎస్ మీద కనిపించే పంపేవారి పేరు), సందేశం మూసను టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు ప్లాట్‌ఫామ్‌లో రిజిస్టర్ చేయించాలి. అది మీ వ్యాపారం పేరు మీద, మీ కాగితాలతో జరగాలి. యాప్ సిద్ధమైనా, ఈ రిజిస్ట్రేషన్ పూర్తికాక రోజులు ఆగిపోవడం తరచూ జరిగేదే. పని మొదలైన వారంలోనే దీన్ని కదిలించే కంపెనీకి అనుభవం ఉన్నట్టు.

యాప్‌లో అమ్మేది వీడియో పాఠాల లాంటి డిజిటల్ సరుకైతే లెక్క మారుతుంది. సాధారణంగా యాపిల్ తన చెల్లింపు పద్ధతే వాడమంటుంది, ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించి చిన్న వ్యాపారాల పథకంలో చేరినవారి దగ్గర 15 శాతం, మిగతావారి దగ్గర మామూలుగా 30 శాతం తీసుకుంటుంది. క్యారేజీ లాంటి వస్తువుకు ఆ బాధ లేదు. ట్యూషన్ సెంటర్ వాళ్లు మాత్రం ఈ ప్రశ్న కంపెనీని తప్పక అడగాలి. దీని గురించి వాళ్లకే తెలియకపోతే ఇంకో కంపెనీని చూసుకోండి.

అన్నింటికన్నా తక్కువ ధర వేసినవాళ్లను నేరుగా కొట్టేయకండి. "మీరు ఏది చేయట్లేదు?" అని అడగండి. కొన్నిసార్లు నిజంగానే తెలివైన దారి చెప్తారు.

8. అకౌంట్లన్నీ మీ పేరు మీదే

ఇక్కడ మాత్రం ఎవరికీ, ఏ కారణానికీ మినహాయింపు ఇవ్వకండి. మేస్త్రీ ఇల్లు కడతాడు, స్థలం రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీద చేయించం కదా.

ప్లే కన్సోల్, యాపిల్ డెవలపర్ అకౌంట్ మీ వ్యాపారం ఈమెయిల్‌తో మీరే తెరవండి, కంపెనీవాళ్లను యూజర్లుగా చేర్చండి. సంస్థ పేరు మీద తెరవాలంటే వ్యాపార సంస్థల వివరాలు నమోదు చేసే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ ఇచ్చే తొమ్మిది అంకెల డన్స్ నంబర్ అడుగుతారు. అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి అగ్రిమెంట్ రోజే అప్లై చేయండి. ఖర్చు లేకుండానే తెచ్చుకోవచ్చు. వ్యక్తిగత అకౌంట్ తేలిక అనిపిస్తుంది గానీ, 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే అకౌంట్లకు గూగుల్ ఒక షరతు పెట్టింది. కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో (పిలిచినవాళ్లు మాత్రమే యాప్ వాడి చూసే పరీక్ష) ఉంటేనే అందరికీ విడుదల చేయడానికి అప్లై చేయనిస్తుంది. ఈ సంగతి ముందే చెప్పని కంపెనీ మీ ప్రారంభ తేదీని రెండు వారాలు వెనక్కి నెట్టినట్టే.

ప్రతి యాప్‌కు లోపల ప్యాకేజీ పేరు ఒకటి ఉంటుంది. ప్లే స్టోర్‌లో ఒకసారి విడుదలయ్యాక దాన్ని మార్చలేం. కొన్ని కంపెనీలు అందులో తమ పేరే పెట్టేస్తాయి. అప్పుడు మీ యాప్ బతికినంతకాలం వాళ్ల పేరు మోస్తూ ఉంటుంది. మొదటి రోజే "ప్యాకేజీ పేరులో మా డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఉండాలి" అని రాతలో ఇవ్వండి. యాప్ మీద సంతకంలా పడే సైనింగ్ కీ గురించీ అడగండి. ప్లే యాప్ సైనింగ్‌లో అసలు కీ గూగుల్ దగ్గర భద్రంగా ఉంటుంది, కొత్త వెర్షన్ ఎక్కించడానికి వాడే అప్‌లోడ్ కీ పోయినా అకౌంట్ యజమాని కొత్తది తెచ్చుకోవచ్చు. అకౌంట్ మీదైతే చాలన్నమాట.

డొమైన్, క్లౌడ్ (అద్దె సర్వర్) అకౌంట్, గూగుల్ వారి ఫైర్‌బేస్ సేవ, మ్యాప్స్ బిల్లింగ్, ఎస్ఎంఎస్ అకౌంట్, పేమెంట్ గేట్‌వే, కోడ్ దాచిపెట్టే గిట్‌హబ్ ఇవన్నీ కూడా అంతే. గిట్‌హబ్‌లో మీ పేరున ఒక ఆర్గనైజేషన్ తెరిచి, కోడ్ రోజూ అందులోనే పడాలని చెప్పండి. కోడ్ చదవడం మీకు రానక్కర్లేదు. చివరి కోడ్ ఏ తేదీన పడిందో చూడ్డం వస్తే చాలు, పని నడుస్తోందో లేదో తెలిసిపోతుంది.

"మా అకౌంట్‌లో పెడితే త్వరగా అవుతుంది సార్, తర్వాత ట్రాన్స్‌ఫర్ చేద్దాం" అంటారు. ట్రాన్స్‌ఫర్‌కు రెండు స్టోర్లలోనూ వీలుంది, కానీ అది వాళ్లు ఒప్పుకుని నొక్కితేనే జరుగుతుంది. గొడవ వచ్చిన రోజు ఎవరు నొక్కుతారు?

9. ముందు ఒక చిన్న ముక్క డబ్బిచ్చి చేయించుకోండి

చివరికి ఇద్దరు మిగిలితే, ఇద్దరికీ చిన్న పని ఇవ్వండి. రెండు వారాల్లో అయ్యేది, "క్యారేజీ ఆపు" మొదటినుంచి చివరిదాకా. ఉచితంగా అడగొద్దు, న్యాయమైన ధర ఇవ్వండి. ఎవరు చెప్పిన రోజుకు ఇచ్చారో, ఆలస్యమైతే ముందే ఎవరు చెప్పారో, మీరు అడిగిన మార్పుకు ఎవరు చిరాకు పడ్డారో కళ్లారా తెలుస్తుంది. ఇద్దరికి ఇచ్చే స్తోమత లేకపోతే ఒక్కరికైనా ఇలాగే మొదలుపెట్టండి.

10. అగ్రిమెంట్

డబ్బు కట్టాం కాబట్టి కోడ్ మనదే అనుకుంటాం. చట్టం అలా అనదు. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందకి వస్తుంది. మీ ఉద్యోగి రాస్తే మీది. బయటి కంపెనీ రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు మామూలుగా రాసినవాళ్లదే. బదిలీ రాతపూర్వకంగా ఉండి, ఇచ్చేవాళ్ల సంతకం ఉంటేనే చెల్లుతుంది. అదే చట్టం 19వ సెక్షన్‌లో ఇంకా పదునైన సంగతులున్నాయి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని తీసుకుంటారు. వచ్చిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకోనంతవరకు ఆ హక్కు పోతుంది. కాబట్టి "శాశ్వతంగా, ప్రపంచమంతటా, వాడినా వాడకపోయినా" అన్న మూడు విషయాలూ అగ్రిమెంట్‌లో కనిపించాలి. కంపెనీ తన పాత కోడ్ ముక్కలు మీ యాప్‌లో వాడితే అవి దానివే అవుతాయి, అందులో తప్పులేదు. మీరు వాటిని ఎప్పటికీ వాడుకునే లైసెన్స్ మాత్రం రాయించుకోండి. ఈ భాగం ఒక్కటైనా లాయర్‌కు చూపించండి, ఆ ఫీజు వృథా పోదు.

డబ్బు విడతల గురించి నా అభిప్రాయం: అడ్వాన్స్ 20 శాతం దాటొద్దు. మిగతా విడతలు తేదీలకు కాకుండా, మీ ఫోన్‌లో పనిచేసే బిల్డ్‌లకు (అప్పటిదాకా తయారైన యాప్‌కు) ముడిపెట్టండి. చివరి 15 నుంచి 20 శాతం, యాప్ స్టోర్‌లోకి వచ్చి, కోడ్, పాస్‌వర్డ్‌లు, సర్వర్ వివరాలు చేతికొచ్చాకే ఇవ్వండి. విడుదలైన 90 రోజుల దాకా బయటపడే లోపాలను ఉచితంగా సరిచేయాలని రాయించండి. ఏది లోపం, ఏది కొత్త కోరిక అన్న గీత మీ రెండు పేజీలే గీస్తాయి, అందుకే వాటిని అగ్రిమెంట్‌కు జత చేయండి. బిల్లు మీద టీడీఎస్ ఎంత పట్టుకోవాలో మీ ఆడిటర్‌ను అడగండి.

కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు మీ యాప్‌లోకి వస్తాయి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం వాటికి బాధ్యులు మీరే. కోడ్ రాసిన కంపెనీ మీ తరఫున ఆ డేటాను చూసుకునేది మాత్రమే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చని చట్టంలో ఉంది. అందుకని టెస్టింగ్‌కు నిజమైన కస్టమర్ల డేటా వాడకూడదని, పని అయ్యాక వాళ్ల దగ్గరున్న కాపీలు చెరిపేయాలని, ఏదైనా లీకైతే వెంటనే చెప్పాలని రాయించండి. యాప్‌లో అకౌంట్ తెరిచే వీలుంటే దాన్ని తొలగించుకునే దారి కూడా యాప్‌లోనే ఉండాలని యాపిల్ 2022 జూన్ 30 నుంచి పట్టుబడుతోంది, గూగుల్ కూడా అడుగుతుంది. ఇది స్క్రీన్ల జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

విడిపోవాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఆ రోజుల్లో కొత్తవాళ్లకు ఎన్ని గంటలు అప్పగింతలు చేయాలి, వివాదం వస్తే బెంగళూరులోనే తేల్చుకోవాలి అన్నవి కూడా ఉండాలి. కంపెనీ ఆఫీసు ఇంకో ఊర్లో ఉంటే ఈ చివరిది తప్పనిసరి.

11. పని నడుస్తున్నప్పుడు, ఆ తర్వాత

వారానికోసారి బిల్డ్ మీ ఫోన్‌లోకి రావాలి. స్లైడ్‌లు, స్క్రీన్‌షాట్‌లు లెక్కలోకి రావు. శుక్రవారం బిల్డ్ వస్తే శనివారం మీ డెలివరీ కుర్రాడి చేతికే ఇచ్చి, ఏమీ చెప్పకుండా వాడమనండి. ఎక్కడ వేలు ఆగిపోయిందో అక్కడ పని మిగిలి ఉంది. మీ వ్యాఖ్యలన్నీ ఒకే చోట, రాతలో ఇవ్వండి. రాత్రి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో చెప్పిన మార్పు ఎవరికీ గుర్తుండదు, తర్వాత మీరే రుజువు చేయలేరు.

యాప్ బయటికొచ్చాక ఖర్చు ఆగదు. గూగుల్ ఏటా ఆగస్టు చివరికల్లా అప్‌డేట్‌లు కొత్త ఆండ్రాయిడ్‌ను లక్ష్యంగా పెట్టుకోవాలంటుంది. 2025 ఆగస్టు 31 నుంచి అది ఆండ్రాయిడ్ 15 అయింది. పట్టించుకోకపోతే ముందు అప్‌డేట్‌లు ఆగుతాయి, వెనకబడేకొద్దీ కొత్త ఫోన్లవాళ్లకు యాప్ స్టోర్‌లో కనిపించడమే మానేస్తుంది. నేనైతే కట్టిన ధరలో 15 నుంచి 20 శాతం ఏటా నిర్వహణకు పక్కన పెట్టమంటాను. ఆ ఒప్పందంలో "సపోర్ట్ ఇస్తాం" అన్న ఒక్క ముక్క చాలదు. సర్వర్ పడిపోతే ఎన్ని గంటల్లో స్పందిస్తారు, ఆదివారాలు ఉంటాయా, ఏటా వచ్చే ఆండ్రాయిడ్ మార్పు ఇందులోనే కలిసిందా, ఇవి అంకెలతో రాసి ఉండాలి. నిర్వహణ ఒప్పందం మొదట ఏడాదికే చేసుకోండి. పాస్‌వర్డ్‌లు, కోడ్ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి రెండో ఏడాది ధర మాట్లాడేటప్పుడు ఇంకో ఇద్దరిని కూడా అడగొచ్చు.